సగం సూది

ఆయన్ని వీధిలో అందరూ టైలరనే పిలిచేవారు. టైలరు ఇంట్లో నేల ఏ రంగుదని ఎవరైనా అడిగితే, ఒకప్పుడు ఆయనే తడుముకునేవాడు. ముందుగది నిండా గుడ్డముక్కలే. కత్తిరించగా మిగిలిన పేలికలు, దారం కొసలు, విరిగిన సుద్దముక్కలు, ఊడిన బొత్తాలు, వాటి మధ్య ఎక్కడ పడితే అక్కడ గుండుసూదులు. భార్య ఉన్నన్నాళ్ళూ ఇవన్నీ ఆయన చూడకుండానే పుట్టి, ఆయన చూడకుండానే పోతుండేవి. ఆవిడ పోయాక గాని నేల తనంతట తాను శుభ్రపడదన్న సంగతి ఆయనకు తెలిసిరాలేదు. తెలిసొచ్చాక కూడా పెద్దగా పట్టించుకోలేదు. ఇంట్లోనూ చెప్పులేసుకుని తిరగడం మొదలుపెట్టాడు, అంతే.

ఆ ఇంటికి ఒకరోజు పొద్దున్నే కూతురు వచ్చింది, చంకలో పది నెలల పిల్లతో. కూతురు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. అల్లుడు దూరప్రాంతాలకి లారీలు నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. ఇన్నాళ్ళూ పిల్లని చూసుకున్న పక్కింటావిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

గుమ్మంలోకి వచ్చిన కూతురు అక్కడే నిలబడిపోయింది.

"దీన్ని ఎక్కడ దించను నాన్నా?"

"ఎక్కడో ఒకచోట దించమ్మా. పరాయిల్లా ఏంటి?"

"దించడానికి చోటేదీ?"

టైలరు కాలితో రెండు పేలికలు పక్కకి నెట్టాడు. వాటి కింద నుంచి ఒక గుండుసూది తళుక్కుమంది. కూతురు పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది.

"పిల్లలు మింగినవన్నీ నేను రోజూ చూస్తాను నాన్నా. నాణేలు, తాళంచెవులు, బొత్తాం బ్యాటరీలు. మొన్న ఒక బాబు గొంతులో పిన్నీసు, అదీ నోరు తెరుచుకుని ఉన్నది. వాళ్ళమ్మ గోడకేసి తల కొట్టుకుంటుంటే నేను ఫొటో తియ్యాల్సొచ్చింది."

"నువ్వూ ఈ ఇంట్లోనే పాకావు. నీకేమైంది?"

"అమ్మ ఉంది కాబట్టి ఏమీ కాలేదు."

అన్నాక కూతురే నొచ్చుకున్నట్టుంది. గొంతు తగ్గించి, వారం రోజులు సెలవు పెట్టాననీ, ఈలోపు ఇల్లు పిల్లని దించడానికి వీలుగా ఉంటే తీసుకొస్తాననీ, లేకపోతే ఉద్యోగం మానేస్తాననీ చెప్పి వెళ్ళిపోయింది. ఆమె బెదిరించడానికి అనలేదు. ఆ సంగతి టైలరుకీ తెలుసు.

ఆ రోజే నడుం బిగించాడు. కుట్టాల్సిన బట్టలన్నీ అటకెక్కించి, ఉన్న పేలికలన్నీ గోనెసంచుల్లో కుక్కి, గదంతా కడిగి, సాయంత్రానికి నడుం పట్టేసి మంచమెక్కాడు. ఎదురుగా మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే రిపేరు మావయ్య వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నాడు. వయసులో టైలరుకంటే చిన్నవాడే అయినా వీధి పిల్లలందరికీ మావయ్య కావడంతో పెద్దలకీ ఆ పేరే అలవాటైపోయింది.

బట్టలు ఒక్కొక్కటే అటక దిగాయి. తీరా నాలుగోరోజున కూతురు వచ్చేసరికి గది మళ్ళీ మొదటికొచ్చింది. ఆమె వంగి చాప అంచులో గుచ్చుకున్న గుండుసూది ఒకటి లాగి తండ్రి అరచేతిలో పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది టైలరుకి.

"నువ్వు ఇల్లు సర్దలేదన్నా, ఇంటి మీద దాడి చేశావు. దాడి చేసినవాడు ఎన్నాళ్ళని కాపలా కాస్తాడు?" అన్నాడు రిపేరు మావయ్య.

టైలరు ఆ మాటకి చురచురలాడాడు గాని, మిషను ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. కుడిచేతి పక్కన కత్తెర ఉంది. ఇల్లంతా తలకిందులైనా ఆ కత్తెర మాత్రం ఏనాడూ అక్కణ్ణుంచి తప్పిపోలేదు. పని నేర్పిన గురువు, కత్తెర వేరేచోట కనబడితే స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవాడు. ఆ దెబ్బలు మరిచిపోయి ఎంతకాలమైందో! చెయ్యి మాత్రం మరిచిపోలేదు. అంటే ఈ పని తలకి చెప్పి లాభం లేదు, చేతికి నేర్పాలి. చేతికి ఒక్కసారిగా అన్నీ ఎక్కవు.

మర్నాటినుంచి ఒక్కటే పెట్టుకున్నాడు. స్టూలు మీంచి లేవాలంటే, దేనికోసమైనా సరే, ముందు చేతిలో సూదిని బల్ల మీది సూదుల దిండుకి గుచ్చాలి. మొదటిరోజు సగంసార్లు మరిచిపోయి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. అది కాస్త చేతికి పట్టాక, మిషను బల్లకి ఒక సంచీ కట్టి, కత్తిరించిన ముక్క నేలకి పోకుండా అందులోకే పోయేట్టు చూసుకున్నాడు. రిపేరు మావయ్య పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం ఇస్తే, దాన్ని కర్రకి కట్టి, టీకి నీళ్ళు పడేసినప్పుడల్లా అవి మరిగేలోపు గదంతా తిప్పేవాడు. ఊరికే నిలబడి గిన్నెలోకి చూసే బదులు ఇదో పని. మొదట్లో ఆ అయస్కాంతానికి ముళ్ళపందిలా సూదులు పట్టుకొచ్చేవి. రానురాను ఒకటీ అరా. తర్వాత అవీ లేవు.

"నిధి ఏమైనా దొరికిందా అన్నా?" అని ఎదురింట్లోంచి కేకేసేవాడు రిపేరు మావయ్య.

"దొరికితే నీకు చెబుతాననుకున్నావా?" అనేవాడు టైలరు, కర్ర తిప్పడం ఆపకుండా.

కూతురు బతిమాలి ఇంకో వారం సెలవు తీసుకుంది. ఆ వారం చివర వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, బల్లకింద కూడా అరచేత్తో తడిమి చూసి, పిల్లని నేల మీదికి వదిలింది. పిల్ల గదిని ఒకసారి చూసి, బుడిబుడి పాకుడుతో నేరుగా మిషను కాలి దగ్గరికెళ్ళి, కంటికి ఆననంత దారపుకొస ఒకటి వేళ్ళతో పట్టి నోట్లో వేసుకుంది.

"చూశావా! ఇది పిల్ల కాదు నాన్నా, పిచ్చుక. ఏది కనబడితే అది ఏరుకు తినడమే," అంది కూతురు, నోట్లో వేలు పెట్టి దారం లాగుతూ. ఆ రోజునుంచి పిల్ల పేరు పిచ్చుకైపోయింది.

షరతులు కూతురే పెట్టింది. పిచ్చుక మెలకువగా ఉంటే మిషను ఆడకూడదు. నిద్రపోతే లోపలిగదిలో పడుకోబెట్టి, గుమ్మానికి అడ్డంగా చెక్క పెట్టాకే కుట్టుకోవాలి. టైలరు అన్నిటికీ తలూపాడు. మొదటి కొన్నాళ్ళు చెక్క పెట్టాక కూడా లేచి వెళ్ళి, పెట్టానా లేదా అని చూసుకొచ్చేవాడు. తర్వాత చేతికి పట్టేసింది. పిచ్చుకకి బంగాళదుంప ఉడికించి మెత్తగా మెదిపి పెట్టడం, ఒళ్ళో వేసుకుని తట్టడం, అది లేచేలోపు రెండు చొక్కాల కాలర్లు ముగించడం. రోజులు అలా గడిచిపోయాయి. పని తగ్గింది గాని మనిషి తేరుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం పిచ్చుక ఎప్పటికంటే ఆలస్యంగా పడుకుంది. డ్రైవింగు నేర్పే మాస్టారి జీన్సు ప్యాంటు ఒకటి పొడవు తగ్గించాలి. అంతకుముందే ఆయన వచ్చి, గంటలో మళ్ళీ వస్తాననీ, ఈసారి కూడా కాలేదంటే ఊరుకోననీ కేకలేసి వెళ్ళాడు. ఇస్త్రీ చేసి పెట్టిన బట్టల దొంతర లోపలిగదిలోనే ఉంది. పిచ్చుకని పడుకోబెట్టిన టైలరు ఆ దొంతరంతా రెండు చేతులా ఎత్తుకుని, గడ్డం కింద నొక్కిపట్టి బయటికొచ్చాడు. చెక్క గోడకి ఆనించి ఉంది. చేతులు ఖాళీ లేవు. బట్టలు బల్ల మీద పడేసి వచ్చి పెడదామనుకున్నాడు. బల్ల మీద జీన్సు ప్యాంటు కనబడింది. కూర్చున్నాడు.

పక్కకుట్టు దగ్గర జీన్సు మడతలు మందంగా ఉంటాయి. మామూలుగా అక్కడికొచ్చేసరికి మోటారు పెడలు మీంచి కాలు తీసి, చక్రం చేత్తో తిప్పి దాటించేవాడు. తొందరలో కాలు తియ్యలేదు. సూది టక్కుమని విరిగింది.

విరగడం కొత్తేమీ కాదు. తిట్టుకుని, పైన మిగిలిన సగాన్ని స్క్రూ వదులుచేసి తీసి డబ్బాలో పడేశాడు. కొత్త సూది బిగించి, విరిగిన మొన కోసం కిందికి చూశాడు. మిషను కాలు పక్కన పిచ్చుక కూర్చుని ఉంది.

ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పాకిందో, చప్పుడే లేదు. ఆయన వైపు చూసి నవ్వింది. ఏదో నములుతోంది.

టైలరు కింద కూలబడి, పిల్లని ఒళ్ళోకి లాగి, నోట్లో వేలు పెట్టి చిగుళ్ళ వెంట, నాలుక కింద, బుగ్గల సందున తడిమాడు. పిచ్చుక గింజుకుని ఏడ్చింది. వేలికి తడిసిన నీలం దారం ఒకటి చుట్టుకొచ్చింది. అంతే. రక్తం లేదు, మొన లేదు. పిచ్చుక రెండుసార్లు దగ్గి, వెక్కుతూ ఆయన భుజం మీద తల పెట్టేసింది.

"ఏం తిన్నావమ్మా? ఏం తిన్నావు నా తల్లీ?" అని అడుగుతూనే ఉన్నాడు, చెబుతుందేమో అన్నట్టు.

పిల్లని ఒక చేత్తో పొదివి పట్టుకుని ఇంకో చేత్తో కర్ర అందుకున్నాడు. అయస్కాంతాన్ని మిషను కింద తిప్పాడు, బల్ల కింద తిప్పాడు, చాప ఎత్తి తిప్పాడు. ఏమీ అంటుకోలేదు. జీన్సు ప్యాంటు విదిలించి, మడత మడతా వేళ్ళతో నొక్కి చూశాడు. మిషను పైన చూశాడు. తన చొక్కా జేబులో కూడా చూసుకున్నాడు. నేల మీద దారప్పోగు కూడా లేదు. పొద్దున్నే తుడిచిన నేల, ఎటునుంచి ఎటు చూసినా ఒకేలా మెరుస్తోంది.

వెనకటి రోజులైతే, ఎక్కడో పడుంటుందిలే అనుకునేవాడు. అంత చెత్తలో సగం సూది కోసం ఎవడు వెతుకుతాడు? మనసులో గుచ్చుకునేదే కాదు. ఇప్పుడు గదిలో అది దాక్కోవడానికి చోటు లేదు. నేల మీద లేకపోతే మరెక్కడుంటుందో, ఆ చోటు తలచుకోవడానికే ధైర్యం చాలలేదు.

రిపేరు మావయ్యని కేకేశాడు. ఆ గొంతు విని చేతిలో స్క్రూడ్రైవరుతోనే పరిగెత్తుకొచ్చాడు మావయ్య. సంగతి విని, పిచ్చుక ముఖంలోకి చూసి, దాని ముక్కు పట్టుకుని కదిపాడు. అది నవ్వింది.

"ఊరికే కంగారు పడకన్నా. మింగితే ఇలా నవ్వుతుందా? గుక్కపట్టి ఏడ్చేది."

"దగ్గింది."

"నువ్వు నోట్లో వేలు పెడితే నేనైనా దగ్గుతాను." గొంతు తగ్గించాడు. "అమ్మాయికి చెప్పావంటే ఇంకీ గడప తొక్కనివ్వదు పిల్లని. నీకు తెలుసుగా దాని సంగతి. సాయంత్రం దాకా చూద్దాం. ఏ తేడా కనబడకపోతే ఎవరికీ చెప్పక్కర్లేదు."

మావయ్య అన్నది టైలరు మనసులోనూ మెదిలింది. మెదిలిందనే భయమేసింది. సాయంత్రం కూతురొచ్చి పిల్లని ఎత్తుకుంటుంది. ఏం పెట్టావని అడుగుతుంది. బంగాళదుంప అంటాడు తను. పిల్లని భుజాన వేసుకుని మెట్లు దిగుతుంది. ఆ తర్వాత, ఏ బస్సులోనో, ఏ వంటింట్లోనో... అంతకుమించి ఊహించలేకపోయాడు.

"బండి తియ్యి," అన్నాడు.

"అన్నా, ఒక్కసారి ఆలోచించు..."

"తియ్యవయ్యా బాబూ! మాటలు దారిలో చెబుదువు గాని."

బండి మీద వెనక కూర్చున్న టైలరు పిల్లని గుండెలకి హత్తుకుని, బండి గతుకు ఎక్కినప్పుడల్లా తన ఒళ్ళంతా బిగబట్టుకున్నాడు. ఆ కుదుపుకి లోపల ఎక్కడో మొన ఇంకాస్త దిగుతుందేమోనన్న భయం. పిచ్చుక మాత్రం గాలికి కళ్ళు చికిలించుకుంటూ, దారిన పోయే ప్రతి బండికీ చెయ్యి ఊపుతూ కూర్చుంది.

ఎక్స్‌రే గది బయట బల్లల మీద జనం బారులు తీరి కూర్చున్నారు. తలుపు తెరుచుకుని, నీలం కోటు వేసుకున్న కూతురు తర్వాతి మనిషిని పిలవడానికి తల బయటపెట్టింది. వరసలో తండ్రి కనబడ్డాడు. తండ్రి చేతుల్లో పిచ్చుక.

టైలరు దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"సూది విరిగిందమ్మా. సగం దొరకలేదు. ఇది పక్కనే ఉంది, ఏదో నములుతోంది."

కూతురు అరవలేదు. పిల్లని అందుకుని, నోరు తెరిపించి వెలుతురుకేసి చూసి, కారిడారు వెంట దాదాపు పరుగెత్తింది. టైలరు వెనకాలే. డాక్టరు గొంతు చూసి, పొట్ట నొక్కి, మెడనుంచి పొట్ట దాకా ఫొటో తియ్యమన్నాడు. ఎక్స్‌రే గదికి తిరిగొచ్చేసరికి సంగతి తెలిసి, ఆ గదిలో చిరకాలంగా పనిచేస్తున్న నెరిసిన జుట్టు పెద్దాయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"నువ్వు బయట కూర్చో అమ్మా. నేను తీస్తాను."

"వద్దు సార్. నేనే తీస్తాను."

"చేతులు చూసుకో ఒకసారి."

ఆమె చేతులు చూసుకోలేదు. తండ్రికి సీసం నింపిన బరువైన కోటు ఒకటి తొడిగి, పిచ్చుకని చల్లటి బల్ల మీద పడుకోబెట్టి, దాని చేతులు రెండూ తల పక్కకి లాగి ఎలా పట్టుకోవాలో చూపించింది. "కదలనివ్వకు నాన్నా. ఏడ్చినా వదలకు." అద్దం వెనక్కి వెళ్ళిపోయింది. అసలే బెదిరిన పిచ్చుక, తాతే తనని బల్లకి అదిమి పట్టుకోవడంతో ఆరున్నొక్క రాగం అందుకుంది. ఆ కళ్ళలోకి చూడలేక టైలరు దాని కాళ్ళకేసి చూశాడు. ఎక్కడో యంత్రం ఒకసారి గుర్రుమంది.

అద్దం వెనక తెర వెలిగింది.

టైలరు తల ఎత్తాడు. తెర వెలుగులో కూతురి ముఖం కొయ్యబారిపోయింది. ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన ఆమె భుజం మీంచి వంగి చూస్తున్నాడు.

"ఏమైందమ్మా? ఉందా?" అని అరిచాడు టైలరు.

కూతురి వేలు తెర మీద ఒక చోటికి వెళ్ళి ఆగింది. భుజం ఎముక పక్కన, తెల్లగా, గుండ్రంగా ఒక చుక్క. అది సూది కాదు. సూది అలా ఉండదు. ఇంకేదో మింగింది. గుండ్రంగా ఉండేవి ఏమేమిటో, బొత్తాం బ్యాటరీ అయితే లోపల ఎలా కాలుస్తుందో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

పెద్దాయన ఒక క్షణం తెరకేసి, ఒక క్షణం అద్దంలోంచి బల్లకేసి చూశాడు. మెల్లగా అన్నాడు, "చొక్కా విప్పలేదమ్మా."

పిచ్చుక చొక్కా భుజం మీద ఒక ఇనప టిచ్ బటను ఉంది. తల దూర్చడానికి సులువుగా ఉంటుందని టైలరే కుట్టి పెట్టాడు.

ఒంటి మీద ఇనుముండే వస్తువులన్నీ తీసేయమని రోజూ వచ్చిన ప్రతి మనిషికీ ఆమె చెప్పే మాట అది. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. బయటికొచ్చి, ఆ బటను ఊడదియ్యబోయి, రెండుసార్లు జారవిడిచి, మూడోసారి లాగితే కుట్టు కూడా తెగివచ్చింది. పిచ్చుక ఒట్టి ఒంటితో బల్ల మీద పడుకుని వెక్కిళ్ళు పెట్టింది. ఈసారి ఫొటో పెద్దాయనే తీశాడు.

మెడ శుభ్రంగా ఉంది. రొమ్ము శుభ్రంగా ఉంది. పొట్టలో గాలి, కాస్త బంగాళదుంప తప్ప ఏమీ లేదన్నాడు డాక్టరు. ఇనుముంటే కనబడకపోవడమంటూ ఉండదనీ, అయినా దగ్గు గాని వాంతి గాని వస్తే వెంటనే తీసుకురమ్మనీ చెప్పాడు.

టైలరుకి ప్రాణం లేచొచ్చింది. కారిడారులో గోడకి చేరగిలబడ్డాడు. అప్పటికి గాని సీసం కోటు ఇంకా ఒంటి మీదే ఉందని గమనించలేదు. కూతురు పిల్లని తన కోటులో చుట్టుకుని ఎదురుగా నిలబడింది. ఇప్పుడు వచ్చింది కోపం.

"చెక్క పెట్టలేదా?"

"లేదమ్మా."

"ఎందుకు?"

"చేతుల నిండా బట్టలున్నాయి. అవి పెట్టేసొచ్చి పెడదామనుకున్నాను."

"ఆ ఒక్క నిమిషం కోసమే కదా నాన్నా ఇదంతా! ఆ ఒక్క..." ఆమె పిచ్చుక నెత్తిమీద ముఖం దాచుకుని కాసేపు ఊపిరి పీల్చుకుంది. "నేను చొక్కా విప్పలేదు. పదిమందీ చూస్తుండగా, అంత వెలుతుర్లో. దాని భుజం మీద కళ్ళెదురుగా ఉంది, నాకు కనబడలేదు."

టైలరు సీసం కోటు విప్పి చేతుల్లో పట్టుకున్నాడు.

"రేపట్నుంచి తీసుకురాను నాన్నా. నీ మీద కోపం కాదు. కోపం కూడా ఉందనుకో. ఏం చెయ్యాలో ఆలోచించుకోవాలి."

"సరేనమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి డ్రైవింగు మాస్టారు గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. టైలరు ముఖం చూసి ఏమనుకున్నాడో, రేపొస్తానని గొణిగి వెళ్ళిపోయాడు. ఇంకా వెలుతురు ఉంది. టైలరు చొక్కా చేతులు పైకి మడిచి మిషను ముందు కూర్చున్నాడు. ఫొటోలో లేనంతమాత్రాన మొన లేకుండా పోలేదు. అది దొరికేదాకా ఈ గదిలో తను కాలు కింద పెట్టలేడు.

సూది దిగేచోట ఉండే ఇనపరేకు స్క్రూలు విప్పి ఎత్తాడు. కింద, గుడ్డని ముందుకు లాగే పళ్ళ మధ్య, నూనె తాగి గట్టిపడిన నూగు దట్టంగా అట్టకట్టి ఉంది. ఎన్ని నెలల నూగో! నేలంతా అద్దంలా తుడిచినవాడు రోజూ చెయ్యి ఆనించే మిషను లోపలికి ఒక్కనాడూ చూడలేదు. పాత పళ్ళబ్రష్షుతో కొంచెం కొంచెంగా పెకలించి, బల్ల మీద పరిచిన తెల్లకాగితం మీద విదిలించాడు. మూడో పెళ్ళతో పాటు చిన్న చప్పుడు చేస్తూ కాగితం మీద పడిందది. గోరంత మొన. డబ్బాలోంచి పైసగం తీసి పక్కన పెట్టి చూశాడు. విరిగినచోట రెండూ అతుక్కున్నట్టు సరిపోయాయి.

ఫోను తీసి కూతురికి చేశాడు.

"దొరికిందమ్మా."

"ఎక్కడ?"

"మిషను కడుపులో. పళ్ళ కింద నూగులో దిగబడి ఉంది. రెండూ కలిపి చూశాను. సరిపోయింది."

అవతలనుంచి వినబడింది ఏడుపు. చిన్నప్పుడు పోగొట్టుకున్నదేదైనా దొరికినప్పుడు ఏడ్చేది, అచ్చం అలాగే. టైలరు ఫోను చెవికి ఆనించుకుని, ఆమె పెట్టేసేదాకా ఊరికే అలా కూర్చున్నాడు.

మర్నాడు ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. టైలరు లేచి, టీకి నీళ్ళు పడేసి, కర్ర తీసుకుని గదంతా తిప్పాడు. దారం మార్చినప్పుడల్లా రేకు ఎత్తి నూగు దులపడం కూడా మొదలుపెట్టాడు. మొదట్లో విసుగ్గానే ఉంది. పిల్ల లేని లోపలిగదికి చెక్క పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు ఒకసారి.

"పిల్ల రావట్లేదుగా అన్నా. ఇంకెవరికోసం ఇదంతా?" అన్నాడు రిపేరు మావయ్య. ఆ రోజు తనిచ్చిన సలహా గుర్తొచ్చి ఈమధ్య కాస్త మెత్తగా మాట్లాడుతున్నాడు.

"ఏమో. చెయ్యి ఊరుకోవట్లేదు," అన్నాడు టైలరు.

వారం తిరక్కముందే ఒక పొద్దున్న తలుపు చప్పుడైంది. పగలు పిల్లతో ఉండడానికి మార్చుకున్న రాత్రి డ్యూటీ ముగించుకుని, దారిలో తోటి ఉద్యోగి ఇంట్లో పడుకోబెట్టిన పిచ్చుకని తీసుకుని, కూతురు నేరుగా వచ్చింది. కళ్ళ కింద నల్లటి చారలు. జుట్టు ఎటు పడితే అటు రేగిపోయింది.

"చేతుల్లో ఏమైనా ఉన్నప్పుడు పిల్ల దగ్గర్నుంచి రాకూడదు," అంది, పలకరింపైనా లేకుండా. "ముందు చెక్క. తర్వాతే బట్టలు. రెండుసార్లు తిరిగితే తిరిగావు."

"సరే."

"జీన్సులూ గీన్సులూ నేనొచ్చాక కుట్టుకో."

"సరేనమ్మా."

"ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను. గుర్తు రావట్లేదు." పిచ్చుకని తండ్రి చేతుల్లో పెట్టి, గోడకి వీపు ఆనించి మెల్లగా నేల మీదికి జారింది. "ఒక్క నిమిషం కూర్చుని వెళ్ళిపోతాను. ఇంటికెళ్ళి పడుకోవాలి."

ఒక్క నిమిషం గడిచేలోపే మిషను పక్కన, ఒట్టి నేల మీద, చెయ్యి తలకింద పెట్టుకుని ఒరిగిపోయింది. టైలరు దిండు తెద్దామని లేచి, లేపేస్తానేమోనని మళ్ళీ కూర్చున్నాడు. పిచ్చుక ఆయన ఒళ్ళోంచి జారి, అమ్మ దగ్గరికి పాకి, ఆమె కోటు బొత్తాం నోటితో అందుకోబోయింది. దాన్ని వెనక్కి లాగి ఒళ్ళో వేసుకున్నాడు. ఆ పూట ఇవ్వాల్సిన చొక్కాలు రెండున్నాయి. అవి సాయంత్రం కుట్టుకోవచ్చులే అనుకున్నాడు.